మా పెద్దత్త క్రాసులో నిలబడి వేసిన మోటరు

నాలుగు వందల మందిని భోజనానికి పిలిచి, తీరా వాళ్లు వచ్చే వేళకు వంటకు చుక్క నీళ్లు లేకుండా చేసిన మహానుభావుణ్ణి నేను. అది కూడా కరువొచ్చో, కాలువ తెగో కాదు. నా తెలివితేటల వల్ల. చాలా ఏళ్లయింది. అయినా ఎక్కడైనా బోరు మోటరు ఉన్నట్టుండి గుర్రుమంటే ఇప్పటికీ నా అరికాళ్లు చల్లబడతాయి. మీరు నవ్వండి, నాకేం బాధ లేదు. ఆ రోజు మా నాయన ముఖం చూసి ఉంటే మీకూ నవ్వు వచ్చేది కాదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాపం, వాళ్ల కాలంలో సెల్‌ఫోను లేదు. ఉంటే మోటరుకు సెల్‌ఫోను తగిలించి చూడు అని మూడోది కూడా చేర్చేవాళ్లు.

ఫోనుకు టార్చిలైటు ఉంటే గొప్ప ఫోను అనుకునే రోజులవి. చిత్తూరులో డిగ్రీ ముగించి, పాకాలలో స్నేహితుడి సెల్ షాపులో జీతం లేకుండా కూర్చునేవాణ్ణి. కూర్చోవడమంటే ఊరికే కూర్చోవడం కాదు, వచ్చిన వాళ్లకు సలహాలు ఇచ్చేవాణ్ణి. అప్పట్లో రోడ్ల పక్కన రంగురంగుల గొడుగులు పాతుకుని సిమ్ కార్డులు అమ్మేవాళ్లు, గుర్తుందా? కంపెనీల పేర్లు మనకెందుకు, గొడుగు రంగులతోనే చెబుతాను. ఎర్రది, పచ్చది, నీలంది. ఈ మూడింటి గుణగణాలూ పుట్టుమచ్చలతో సహా నాకు తెలుసని చుట్టుపక్కల పల్లెల్లో పేరు.

"ఏమప్పా, యాది మంచిది?" అని అడిగేవాడు పంచె ఎగ్గట్టుకున్న ఒక మామ.

"ఎర్రది తీసుకుంటే దినమంతా మాట్లాడుకోవచ్చు మామా. అయితే ఊరు దాటితే సిగ్నల్ ఉండదు."

"పచ్చది?"

"పచ్చదాంట్లో మాట గంట కొట్టినట్టు ఇనపడతాది. నంబరు మాత్రం ఫోనుకే అతుక్కోని ఉంటాది. ఫోను పోతే నంబరూ పోతాది."

"మల్ల నీలంది?"

"నీలందాంట్లో మాట్లాడాలంటే రేటు జాస్తి. కానీ వాళ్ల టవరు కొండ మింద ఉండాది. బాయిలో దిగినా పలకతాది."

"సరేప్పా, ఇంతకీ నన్ను యాది కొనమంటావు?"

"అది నువ్వే ఆలోచించుకోవాల మామా."

ఇదీ నా సలహా. అది విని ఆ మామ తల గోక్కుంటూ పక్క షాపుకు పోయి అక్కడ వాళ్లు ఇచ్చింది కొనుక్కునేవాడు. నేను మాత్రం నీలంది వాడేవాణ్ణి.

ఇప్పుడు మా నాయన సంగతి చెప్పాలి. మా నాయన నన్ను ఎప్పుడూ కొట్టలేదు. కొడితే బాగుండు అనిపించేలా చూసేవాడు, అంతే. ఆయనకు లోకంలో అన్నిటికన్నా ప్రాణం మా బోరు. ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో, కొండ కింద మా చేనుంది. అందులో నాలుగు బోర్లు వేస్తే నాలుగింట్లోనూ దుమ్మే లేచింది. ఐదోదానిలో గంగమ్మ తల్లి కాస్త కరుణించింది. కరుణించడమంటే అరగంట కరుణ. అరగంట మోటరు వేస్తే నీళ్లు వస్తాయి. ఆ తర్వాత గాలి. రెండు గంటలు ఆపి మళ్లీ వేసుకోవాలి. అలా కాకుండా వేసిందే వేస్తే మోటరు గాలి పీల్చి కాలిపోతుంది. ఒక్కోసారి బోరే పూడిపోతుంది. అందుకని బాలింతరాలిని చూసుకున్నట్టు చూసుకునేవాడు ఆ బోరును.

ఆ బోరు పక్కనే నాయన కొత్త మిద్దె కట్టాడు. పన్నెండేళ్లు కట్టాడు. ఒక పంట బాగా పండితే నాలుగు వరసలు లేచేది, ఎండిపోతే ఆగిపోయేది. చివరికి ఆ ఏడు పూర్తయింది. గృహప్రవేశానికి నాలుగు వందల మందిని పిలవాలన్నాడు. కార్డులు అచ్చు వేయించే పని చదువుకున్నవాణ్ణని నాకు అప్పజెప్పాడు. చదువుకున్నవాడు ఊరుకుంటాడా? కార్డు అడుగున నేనొక వాక్యం చేర్చాను.

"దారి తెలియని బంధుమిత్రులు పాకాల రోడ్డు క్రాసు వద్ద బస్సు దిగి, ఈ క్రింది నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వగలరు. మేమే ఫోను చేసి, ఎదురు వచ్చి తీసుకొని పోగలము."

దాని కింద బొద్దు అక్షరాల్లో నా నీలం నంబరు.

నాయన కార్డును దూరంగా పట్టుకుని చదివి, "మిస్డ్ కాల్ ఎందుకురా, ఫోనే చేస్తారు కదా?" అన్నాడు.

"ఫోన్ చేస్తే వాళ్లకు ఖర్చు నాయనా. మిస్డ్ కాల్ అయితే ఏమీ ల్యా. మనమే తిరిగి చేస్తాం."

"ఎదురొచ్చి తీసకపోతాం అని రాసినావు సూడు, అది బాగుండాది. మీ పెద్దత్తకు అది ముఖ్యం."

నిజమే. మావాళ్లకు శుభకార్యంలో ఎదురు వెళ్లి పిలవడం అన్నిటికన్నా ముఖ్యం. పిలవనిదే గడప తొక్కరు. అందరికీ పెద్దది మా పెద్దత్త, నాయనకు అక్క, పుత్తూరులో ఉంటుంది. ఒకసారి ఎవరింటి పెళ్లికో వెళ్లి, పందిరి దగ్గర ఎవరూ ఎదురు రాలేదని అక్షింతలు పందిరి గుంజకే వేసి అదే బస్సులో తిరిగి వచ్చిన మనిషి. అలాంటి ఆవిడకు కూడా కార్డు చూసి సంతోషం కలిగిందట. అంత మంచి పని చేశాను నేను.

ఆ తర్వాత పది రోజులకు మునిరత్నం వచ్చాడు. మునిరత్నం మా ప్రాంతానికంతా మోటరు మెకానిక్. అతను కొత్తగా ఒక విద్య నేర్చుకుని వచ్చాడు. ఒక పాత ఫోను విప్పి, దాని లోపలి రెండు వైర్లు బయటికి లాగి మోటరు స్టార్టరుకు కలుపుతాడు. ఆ ఫోను ఒకసారి మోగితే మోటరు ఆన్ అవుతుంది. ఇంకోసారి మోగితే ఆఫ్ అవుతుంది. ఎత్తి మాట్లాడాల్సిన పనే లేదు. మనం ఊళ్లో మంచం మీద పడుకుని మిస్డ్ కాల్ ఇస్తే, మూడు కిలోమీటర్ల దూరంలో మోటరు లేస్తుంది.

అప్పటిదాకా కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు నాయన చేలకు పరుగెత్తేవాడు. ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. అందుకని సరేనన్నాడు.

"సిగ్నల్ మాత్రం నువ్వే సూసుకోవాలప్పా. సెల్ షాపోడివి కదా" అన్నాడు మునిరత్నం.

నేను ఎర్ర, నీలం సిమ్ములూ, పచ్చ ఫోనూ జేబులో వేసుకుని మోటరు షెడ్డుకు బయలుదేరాను. ఎర్ర సిమ్ వేసి షెడ్డు లోపల నిలబడ్డాను. ఒక్క గీత రాలేదు. షెడ్డు పైకెక్కాను, రాలేదు. ఒంటికాలి మీద నిలబడి చెయ్యి ఆకాశానికి చాచితే ఒక గీత వచ్చి, నన్ను చూసి పోయింది. పచ్చ కంపెనీ వాళ్ల ఫోను అసలు మాట్లాడనంది. నీలం సిమ్ వేశాను. షెడ్డు లోపలే, తలుపు మూసినా, నాలుగు గీతలు నిలబడ్డాయి. నేను పొంగిపోయి, నా నీలం సిమ్మునే తీసి స్టార్టరు ఫోనులో పెట్టేశాను. కొత్త నీలం సిమ్ కొనొచ్చు. కానీ దానికి ఫోటో కావాలి, రేషన్ కార్డు నకలు కావాలి, ఆ తిరుగుడంతా ఎవరు తిరుగుతారు? ఎర్ర సిమ్ము నా ఫోనులో వేసుకుని, షాపులో స్నేహితులందరికీ కొత్త నంబరు చెప్పాను.

"ఈ స్టార్టరు నంబరు బయటోళ్లకు తెలీకూడదు" అన్నాడు మునిరత్నం. "తెలీక ఎవురన్నా కాల్ చేసినా మోటరు లేస్తాది."

"మా ఇంట్లో వాళ్లకు తప్ప ఇంకెవురికి తెలస్తాదన్నా" అన్నాను.

ఆ మాట అనేటప్పటికి మా కార్డులన్నీ, మూలలకు పసుపు పూసుకుని, పుత్తూరు నుంచి పీలేరు దాకా బంధువుల ఇళ్లలో క్యాలెండరు మేకులకు వేలాడుతున్నాయి. మీకు అర్థమైపోయింది. నాకు కాలేదు. సెల్ షాపులో కూర్చుని లోకానికంతా సలహాలు చెప్పేవాడికి తన సంగతి తనకు తెలియదు.

రాగి వైరు దొంగలు ఎక్కువగా తిరుగుతున్నారని నాయన షెడ్డుకు పెద్ద తాళం వేసి, తాళంచెవి తన మొలతాడుకు కట్టుకున్నాడు. ఆ తర్వాత ఒకట్రెండు సార్లు మోటరు దానంతట అదే లేచిందట. నేనే వేశాననుకున్నాడు ఆయన. ఆయనే వేశాడనుకున్నాను నేను.

గృహప్రవేశం రోజు వచ్చింది. ఆ వారం మాకు చేలకిచ్చే కరెంటు పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా. నాయన అంతా లెక్కగా పెట్టుకున్నాడు. తొమ్మిదింటికి ఇంట్లో పాలు పొంగించి వ్రతంలో కూర్చోవడం. పది గంటలకు నేను ఆయన దగ్గర తాళంచెవి తీసుకుని, షెడ్డులో గొట్టం వాల్వును తొట్టి వైపు తిప్పి, మోటరు వేయడం. ఆ అరగంట నీళ్లతోనే అన్నం, సాంబారు, తాగడం, చేతులు కడగడం అన్నీ. అప్పటికి గొట్టం వాల్వు పందిరి వేసిన మడికయ్య వైపు తిప్పి ఉంది. దుమ్ము లేవకూడదని ముందురోజు సాయంత్రం కాసేపు తడిపారు. ఆ కయ్యలోనే బంతులు తీర్చి, విస్తళ్లు వేసి వడ్డించాలి.

వంట మాస్టరు దొరస్వామి పొద్దునే నన్ను పిలిచి చెప్పాడు. "ఈడ రెండు డ్రమ్ములే ఉండాయి సామీ. ఇవి పప్పుకే సరి. పదికి నీళ్లు పడకపోతే నేను చేసేదేమీ ల్యా."

"పడతాయి మాస్టరూ. నేనుండా కదా" అన్నాను.

తొమ్మిదింపావుకు వ్రతం మొదలైంది. నాయన పట్టుపంచె కట్టుకుని, అమ్మ పక్కన పీట మీద కూర్చున్నాడు. ఊరి వాళ్లు ఓ యాభై అరవై మంది చుట్టూ చేరారు. అయ్యవారు నాయన వేలికి దర్భ ఉంగరం తొడిగి, కలశంలో నీళ్లు పోసి, గంగను ఆవాహన చేశారు. సరిగ్గా అప్పుడు బయట మోటరు గుర్రున లేచింది.

అయ్యవారు ఒక క్షణం ఆగారు. "చూశారా, పిలవగానే పలికింది. ఇల్లు చల్లగా ఉంటుంది" అన్నారు. ఆడవాళ్లు చేతులెత్తి దండం పెట్టారు. ఒకావిడ "మాయమ్మే, గంగమ్మ తల్లీ" అని లెంపలు వేసుకుంది. నాయన నా వైపు చూశాడు. ఎందుకు వేశావురా అప్పుడే అని ఆ చూపుకు అర్థం. నేను వేయలేదని తల అడ్డంగా ఊపాను. అంతలో మోటరు ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. అనుకోవడం పూర్తయ్యేలోగా మళ్లీ లేచింది. ఆగింది. లేచింది. ఇంత చపలచిత్తం గల గంగమ్మను అయ్యవారు కూడా చూసి ఉండరు. మంత్రం మధ్యలో ఆయనా కిటికీ వైపు చూడడం మొదలుపెట్టారు.

నేను మెల్లగా బయటికి జారుకున్నాను. గొట్టంలోంచి నీళ్లు దూకుతున్నాయి, పందిరి కిందికి. మోటరు ఏ దయ్యమో పట్టినట్టు ఆగుతూ లేస్తూ ఉంది. మునిరత్నం మిషను చెడిపోయిందేమో అనుకున్నాను. అప్పుడే పెరుగు క్యాన్లు కట్టుకున్న మోపెడ్ మీద పెరుగాయన వచ్చాడు.

"ఏమప్పా, మీ చుట్టాలంతా క్రాసు తావ తిరునాళ్ల మాదిరి నిలబడుకోని ఉండారు. నువ్వు ఫోన్ చేస్తావని సూస్తా ఉండారు."

"నేనా?"

"కార్డులో రాసినారంట కదా. మిస్డ్ కాల్ ఇచ్చి ఇచ్చి వాళ్ల వేళ్లు నొప్పి పుట్టినాయి. దారి నేను సూపిస్తా రాండి అంటే, ఒక పెద్దామె నా మిందికి లేచింది. ఎదురొచ్చి పిలిస్తేనే వస్తుందంట. ఆమె కదల్దు, ఆమె కదలకపోతే మిగతా వాళ్లూ కదలరు."

పందిరి గుంజకు అంటించిన కార్డు దగ్గరికి వెళ్లి చూశాను. బొద్దు అక్షరాల్లో నా నీలం నంబరు నన్ను చూసి నవ్వుతోంది. అప్పటికి అర్థమైంది నాకు. క్రాసులో ఒక్కో బస్సు ఆగినప్పుడల్లా మా మోటరుకు నలుగురు డ్రైవర్లు దిగుతున్నారు.

ముందు వాళ్లకు ఫోను చేద్దామని జేబులోంచి నా ఫోను తీశాను. ఎర్ర సిమ్. ఒక్క గీత లేదు. ఈ కొండ కింద ఎర్ర గొడుగు పలకదని పది రోజుల కిందట ఒంటికాలి మీద నిలబడి మరీ కనిపెట్టింది నేనే కదా. లోపలికి పరుగెత్తి, మేకుకు తగిలించిన నాయన చొక్కా జేబులోంచి ఆయన ఫోను తీశాను. అది నీలమే, కానీ అందులో ఉన్న బ్యాలెన్సు మిస్డ్ కాల్‌కు తప్ప మాటకు చాలదు. దాంతో స్టార్టరుకు మిస్డ్ కాల్ ఇచ్చాను. మోటరు ఆగింది. ఊపిరి పీల్చుకున్నాను. మోటరు లేచింది. ఎవరో ఇచ్చారు. నేను మళ్లీ ఇచ్చాను, ఆగింది. వాళ్లు మళ్లీ ఇచ్చారు, లేచింది. ఒక దశలో నేనూ వాళ్లూ వెంట వెంటనే ఇచ్చినట్టున్నాం, నేను ఆపిందో వేసిందో నాకే తెలియలేదు. మొత్తం కాల్స్ సరిసంఖ్య అయితే మోటరు ఆగి ఉంటుంది, బేసి అయితే తిరుగుతూ ఉంటుంది అని లెక్క మొదలుపెట్టాను. డిగ్రీలో లెక్కల పేపరు రెండుసార్లు తప్పినవాణ్ణి. భయంలో అస్సలు రాలేదు.

ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పోయి ఫ్యూజులు పీకుదామనుకున్నాను. దాని ముందు నిలబడి ఆ మూడు తీగలను చూసేసరికి నా పేరుతో ఇంకో కార్డు అచ్చు వేయించాల్సి వస్తుందనిపించి వెనక్కి వచ్చాను.

అప్పుడు మోటరు శబ్దం మారింది. బోరున్న ఇంట్లో పుట్టినవాడికి ఆ శబ్దం చెప్పక్కర్లేదు. గొట్టంలోంచి నీళ్లు రావడం మానేసి, తుప్పర, గాలి, మళ్లీ తుప్పర వస్తుంది. మోటరు గొంతు సన్నబడి కీచుమంటుంది. ముసలివాళ్లకు దగ్గు ఆగకపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. బోరు గాలి పీలుస్తోంది.

షెడ్డుకు తాళం. తాళంచెవి నాయన మొలతాడుకు. నాయన వ్రతంలో. పులి బోనులోనే ఉంది కానీ తాళంచెవి పులి మెడలో ఉంది.

లోపలికి వెళ్లాను. నాయన అప్పటికే విన్నాడు. చేతిలో పూలు పట్టుకుని, కలశం మీద వేయకుండా అలాగే ఉండిపోయాడు. కోపమనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే కోపం కాదు. మా నాయన భయపడడం నేను మొట్టమొదట చూసింది ఆ రోజే. నాలుగు బోర్లు ఎండిపోయినప్పుడు కూడా ఆ ముఖం అలా కాలేదు. ఆయన పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాను.

"నాయనా, తాళంచెవి."

"ఎవుర్రా మోటరేసింది?" పెదవులు కదలకుండా అడిగాడు.

"పెద్దత్త."

"ఏంది?"

"క్రాసులో నిలబడుకోని ఏస్తా ఉండాది నాయనా. మన చుట్టాలంతా ఏస్తా ఉండారు. కార్డులో అచ్చేసిన నంబరు స్టార్టరుదే."

నాయన నా వైపు తిరిగాడు. అయ్యవారు "పుష్పం సమర్పయామి" అన్నారు. నాయన పువ్వు వేసి, "నిన్ను..." అన్నాడు. అయ్యవారు "అక్షతాన్ సమర్పయామి" అన్నారు. నాయన అక్షింతలు వేసి, "ఈ వ్రతం కానీ..." అన్నాడు. అమ్మ "గమ్మునుండండి, దేవుడి ముందర" అని మోచేత్తో పొడిచింది. ఆ రోజు ఆ స్వామే నన్ను కాపాడాడు. పీట మీద కూర్చున్నవాడు తిట్టకూడదు, లేవకూడదు.

"తీసుకో, బిరీన" అని నడుము నా వైపు తిప్పాడు.

తీసుకోవడం అంత సులభమా? పట్టుపంచె, దాని మీద ఉత్తరీయం, దాని కింద మొలతాడు, దానికి దొంగలు విప్పలేని ముడి. అరవై మంది చూస్తుండగా నేను మా నాయన నడుము దగ్గర తల పెట్టి పళ్లతో ఆ ముడి విప్పుతున్నాను. బయట మోటరు కీచుమంటోంది. అయ్యవారు మంత్రం ఆపి, "ఏం నాయనా, ఈ తంతు మా పుస్తకంలో లేదే" అన్నారు. ఎవరో నవ్వారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

ముడి వచ్చింది. పరుగెత్తాను. పందిరి కింద అడుగు పెట్టగానే బురదలో వెల్లకిలా పడ్డాను. లేచి, మళ్లీ బోర్లా పడి, చివరికి పాక్కుంటూ షెడ్డు చేరి, తాళం తీసి, ఫోనూ వైర్లూ అన్నీ కలిపి ఒక్క గుంజు గుంజాను. మోటరు ఆగింది. నిశ్శబ్దం. స్టార్టరు పెట్టె మీద చెయ్యి పెడితే పెనం లాగా కాలింది. మాడు వాసన మాత్రం రాలేదు. అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

గుంజిన స్టార్టరు ఫోను నా చేతిలో మళ్లీ మోగింది. ఆపి చూశాను. పెద్దత్త నంబరు. నలభై రెండో సారి.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మా పందిరి కింద కావలసినంత అడుసు ఉంది, కాలు కడగడానికి మాత్రం నీళ్లు లేవు. బోరులో మళ్లీ నీళ్లు ఊరేసరికి కరెంటు పోతుంది. దొరస్వామి రెండు డ్రమ్ముల్లోకీ తొంగి చూసి, "ఈ నీళ్లకు అరవై మందికి వండతా. అంతే. నాలుగొందల మందికి అంటే ఆ ఏడుకొండల సామి వచ్చి వండాల" అని గరిటె పక్కన పెట్టాడు.

వ్రతం ముగిసింది. నాయన లేచి బయటికి వచ్చాడు. బురద చూశాడు, నన్ను చూశాడు. తిట్టలేదు. తిడితే పోయేది. "ఎంతమంది వచ్చినారు?" అన్నాడు.

లెక్కపెట్టి చెప్పాను. "యాభై ఎనిమిది మంది నాయనా. అంతా ఊరోళ్లే."

"మిగతా వాళ్లు?"

"క్రాసులో."

పన్నెండేళ్లు కట్టిన ఇల్లు. భయపడాల్సింది నీళ్లు చాలవని కాదు, మనుషులే లేరని. నాయన ట్రాక్టరు తాళం నా చేతిలో పెట్టాడు. "డ్రమ్ములేసుకోని ఊళ్లో కొళాయి తావ నీళ్లు పట్టుకో. వచ్చేటప్పుడు మీ పెద్దత్త కాళ్లు పట్టుకో."

నీళ్లు పట్టుకుని క్రాసుకు చేరేసరికి ఒంటిగంట. దూరం నుంచే ఏడుపు వినిపించింది. నాకు మళ్లీ భయం పట్టుకుంది. దగ్గరికి వెళ్తే చింతచెట్టు కింద మా పెద్దత్త నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్లు ఆమె భుజాలు నిమురుతున్నారు. తల నుంచి కాళ్ల దాకా బురదతో ఉన్న నన్ను చూడగానే ఆవిడ గొల్లుమంది.

"ఎవురికేమయిందిరా? మా తమ్ముడికేనా?"

"ఎవురికీ ఏమీ కాలేదత్తా."

"మల్ల నలభై రెండు సార్లు చేస్తే ఒక్కసారీ పలకలేదే? ఎదురొస్తామని అచ్చేసి రానోళ్లు ఉంటారా? ఏదో అయిపోయింది, నా తావ దాస్తా ఉండారు అనుకున్నా. ఆ మాటే అందరితో చెప్పినా."

అలా మా పెద్దత్త ఒక్క గంటలో మా నాయనను అనారోగ్యం పాలు చేసి, అక్కడి నుంచి ఆస్పత్రిలో చేర్చి, ఆ పైన కూడా తీసుకుపోయింది. మూడు వందల మంది నమ్మారు. నేను ఎంత చెప్పినా, ఒళ్లంతా బురదతో ఉన్నవాడు శుభవార్త చెబితే ఎవరు నమ్ముతారు? ట్రాక్టరు మీద విడతలు విడతలుగా ఎక్కించుకు వస్తుంటే దారంతా ముక్కులు ఎగబీలుస్తూనే ఉన్నారు. తలుపుకు తోరణం కట్టిన కొత్తింటి ముందు ఏడ్చుకుంటూ దిగుతున్న జనాన్ని చూసి నాయన గాబరాగా ఎదురు పరుగెత్తి, "అక్కా, ఎవురు పోయినారు?" అన్నాడు.

పెద్దత్త ఆయన ముఖం రెండు చేతులతో పట్టుకుని తడిమి చూసింది. "నువ్వే" అంది.

మూడున్నరకు బంతులు మొదలయ్యాయి. బురదలో కూర్చోలేక కొందరు మిద్దె మీద తిన్నారు, కొందరు ట్రాక్టరు ట్రాలీలో కూర్చుని తిన్నారు. సాంబారు పప్పు కన్నా చిక్కగా ఉందని దొరస్వామిని అందరూ మెచ్చుకున్నారు. కారణం ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. సాయంత్రం మునిరత్నం వచ్చి మోటరు పరీక్ష చేసి, "కాల్లేదు, బతికింది" అన్నాక నాయన అరుగు మీద కూర్చుని కండువాతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. అప్పుడు నేను నిజంగా ఏడ్చాను.

మర్నాడు నాయన నన్ను పిలిచాడు. ఏ శిక్ష వేస్తాడో అని చేతులు కట్టుకుని నిలబడ్డాను. మునిరత్నం విప్పేసిన ఆ ఫోనులోంచి నీలం సిమ్ తీసి నా చేతిలో పెట్టాడు. "నీదే కదా. నీ ఫోన్లో ఏసుకో. ఇంగ ఆ స్టార్టరుకు సెల్లూ వద్దు, ఏమీ వద్దు" అన్నాడు. ఇంతేనా అనుకుని సంతోషంగా వేసుకున్నాను.

తొమ్మిదింటికి నా ఫోను ఒకసారి మోగి ఆగిపోయింది. నాయన నంబరు. తిరిగి చేశాను.

"ఏం నాయనా?"

"కరెంటొచ్చింది. పోయి మోటరెయ్."

పరుగెత్తి వేశాను. అరగంటకు ఇంకోసారి మోగింది. పరుగెత్తి ఆపాను. ఒకసారి మోగితే ఆన్, ఇంకోసారి మోగితే ఆఫ్. ఆ పంట చేతికొచ్చేదాకా ఆ మిషను ఒక్కరోజు కూడా చెడిపోలేదు, పాకాల షాపు మొహం కూడా చూడలేదు.

అందుకని సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ శుభలేఖ మీదా నా నంబరు అచ్చు వేయించను. నోరులేని యంత్రానికి సిమ్ పెట్టను. ఏ గొడుగు మంచిదని ఎవరు అడిగినా వానాకాలంలో ఏదైనా మంచిదే అని చెప్పి తప్పుకుంటాను. ఈ ప్రమాణం అప్పట్లోనే, మా నాయన ముందు, చేతిలో కర్పూరం వెలిగించుకుని చేశాను. ఆయన చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. విని, "సరేలే, అరగంటయింది, పోయి మోటరాపు" అన్నాడు.